ప్రేమాభిమానాలతో అని నేను రాయను

మా చిత్తూరు జిల్లాలో మాటామాటా పెరిగి ఎటూ తెగనప్పుడు చివరికి వచ్చే సవాలు ఒకటే: "కాణిపాకం వస్తావా? కోనేట్లో మునిగి ప్రమాణం చేస్తావా?" అప్పు ఎగ్గొట్టాడన్నా, పొలం గట్టు జరిపాడన్నా, రాజకీయ నాయకులు ఒకరిమీద ఒకరు దుమ్మెత్తిపోసుకున్నా అదే మాట. వరసిద్ధి వినాయకుడి ముందు తడిబట్టలతో నిలబడి అబద్ధమాడినవాడు బాగుపడడని తరతరాల నమ్మకం. నేనూ నమ్ముతాను. ఆ గుడిలో ఒట్టేసి తాగుడు మానినవాళ్లు నాకు తెలుసు. మానడమంటే నిజంగా మానారు, ఇళ్లు నిలబెట్టుకున్నారు.

కానీ అక్కడికి ప్రమాణానికి పోయేవాళ్లలో దాదాపు అందరూ "నేను చేయలేదు" అని చెప్పడానికే పోతారు. "నేనే చేశాను" అని చెప్పడానికి పోయినవాణ్ని నా ఎరుకలో చూడలేదు. సత్యానికి పేరుపడ్డ దేవుడి దగ్గరికి కూడా మనం పరువు కాపాడుకోవడానికే పోతున్నాం. తప్పు చేసినవాడు మాత్రం ఇంట్లోనే ఉండిపోతాడు. పగలంతా నలుగురి మధ్య నవ్వుతూ తిరిగి, రాత్రి మంచం మీద కూర్చుంటాడు. అలాంటివాడొకాయన ఈమధ్య నా దగ్గరికొచ్చాడు. ఆయన అడిగిన పని నేను చేయనన్నాను. ఎందుకు చేయనన్నానో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

నేను దస్తావేజు లేఖరిని. రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా బల్ల వేసుకుని బతికినవాణ్ని. బల్ల తీసేసి చాలాకాలమైనా, చిత్తు రాసిపెట్టమని ఇంటికి వచ్చేవాళ్లు ఇంకా ఉన్నారు. ఈయన్ని పెద్దాయన అనే అంటాను. గుర్తుపట్టే వివరాలు తీసేశాను. నిజం బయటికి రావాల్సింది ఆయన నోటి నుంచి, నా రాత నుంచి కాదు.

పెద్దాయన తండ్రికి ఒక కొడుకు, ఒక కూతురు. బంగారుపాళెం మార్కెట్టుకు కాయ తోలే తోటలు ఎన్ని ఉన్నాయో మా వైపు వాళ్లకు తెలుసు, అలాంటి తోతాపురి మామిడి తోట ఒకటి ఆస్తి. తండ్రి వీలునామా రాయకుండా పోయాడు. అప్పటికే మన రాష్ట్రంలో చట్టం మారింది. 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని ఆడపిల్లకు పిత్రార్జితంలో కొడుకుతో సమానంగా వాటా ఉంటుందని 1986లో సవరణ తెచ్చారు. దేశమంతటా ఆ హక్కు రావడానికి 2005 దాకా పట్టింది. ఈ చెల్లెలి పెళ్లి ఆ తేదీ దాటాకే జరిగింది. అంటే తోటలో ఆమె వాటా ఎవరి దయా కాదు, ఆమె హక్కు.

ఆ చట్టం వచ్చాక మా ఆఫీసుల్లో ఒక రకం కాగితం బాగా పెరిగింది. హక్కు విడుదల దస్తావేజు, అంటే ఆస్తిలో తన వాటా వదులుకుంటున్నానని రాసిచ్చేది. అన్నదమ్ములు కారు మాట్లాడుకుని అక్కచెల్లెళ్లను తీసుకొచ్చేవాళ్లు, దారిలో టిఫిను పెట్టించేవాళ్లు, చీరె పెట్టేవాళ్లు. "పసుపు కుంకుమల కింద ముట్టినది" అని రాయించుకునేవాళ్లు. చాలామంది ఆడబిడ్డలు తెలిసే సంతకం పెట్టారు. పుట్టింటి గడప పోతుందన్న భయం ఎకరాల కంటే పెద్దది. వాళ్ల సంగతి వేరే రాయాలి, అదొక పెద్ద దుఃఖం.

ఈ చెల్లెలు పెట్టింది తెలిసి కాదు. బ్యాంకు లోను కాగితాలన్నాడు అన్న. ఆమె నమ్మింది. ఆ దస్తావేజు రాసింది నేను కాదు, రాసినాయన ఇప్పుడు లేడు. అసలు కాగితాన్ని పెద్దాయన ప్లాస్టిక్కు కవర్లో పెట్టి తెచ్చి నా ముందు పరిచాడు. ప్రతి పేజీ అడుగునా ఆమె సంతకం. మొదటి పేజీలో పుట్టింటి ఇంటిపేరు రాయబోయి, దాన్ని అడ్డంగా కొట్టేసి, పక్కన మెట్టినింటి ఇంటిపేరు రాసింది. ఆ కొట్టివేత పక్కన మళ్లీ ఒక చిన్న సంతకం. కొత్తగా పెళ్లయిన పిల్ల, పేరు మార్పు ఇంకా చేతికి అలవాటు పడలేదు. ఆ కింద ఉన్నది, ఏం రాసుందో ఆమెకు తెలియని వాక్యం: "నా వాటాకు గాను రొక్కం ఈ దినమే పూర్తిగా ముట్టినందున ఇకమీదట నాకు గాని నా వారసులకు గాని యెట్టి హక్కును లేదు." ఒక్క రూపాయి ముట్టలేదు. ఈ మాట నాకు చెప్పింది పెద్దాయనే.

ఆమె భర్త పోయాడు. తిరుపతిలో అద్దె ఇల్లు, బడిలో మధ్యాహ్న భోజనం వంట, ఇద్దరు పిల్లలు. అప్పుడొచ్చి వాటా అడిగింది. ఊళ్లో పంచాయితీ పెట్టారు. పెద్దాయన ఆ కాగితం తెచ్చి నలుగురి మధ్యా పెట్టి, "రొక్కం ఇచ్చినా, సంతకం పెట్టింది, చూసుకోండి" అన్నాడు. చదివినాయన చదివాడు. కాగితం ఉంది, ఆమె సంతకం ఉంది, పైగా చెప్పేవాడు ఊరు నమ్మే మనిషి. "మొగుడు పోయినాక బుద్ధి మారింది" అని ఎవరో అన్నారట. అన్న ఆ మాట విని ఊరుకున్నాడు. ఆ తర్వాత తల్లి పోయినప్పుడు ఆమె వచ్చింది కానీ అన్న ఇంట్లోకి రాలేదు. పక్కింటి అరుగు మీద కూర్చుని, శవం లేచాక బస్సెక్కి వెళ్లిపోయింది. ఊరు దాన్ని కూడా ఆమె పొగరు కిందే రాసుకుంది.

పెద్దాయన మాత్రం పైకొచ్చాడు. వినాయక చవితి కమిటీకి పెద్ద, బడికి బెంచీలు చేయించినవాడు, గుడిలో అన్నదానానికి చెయ్యి వెనక్కి తీయనివాడు. ఏటా అలిపిరి నుంచి 3,550 మెట్లూ నడిచి కొండెక్కుతాడు. ఒక ఏడాది భార్య ఒంటిమీది బంగారం మొత్తం నిలువుదోపిడీ ఇచ్చాడు. ఇదంతా నటనని నేను అనను. ఆ మనిషిని ఎరుగుదును. ఏదో ఒకటి ఇచ్చేయాలనే బాధ నిజంగానే ఉంది. ఎవరికివ్వాలో వాళ్లకు తప్ప అందరికీ ఇచ్చాడు.

ఇక్కడ కొండమీది స్వామి గురించి ఒక మాట చెప్పుకోవాలి. పద్మావతమ్మతో పెళ్లికి శ్రీనివాసుడు కుబేరుడి దగ్గర అప్పు చేశాడనీ, ఆ రుణపత్రానికి బ్రహ్మ, శివుడు, రావిచెట్టు సాక్షులనీ, కలియుగం చివరిదాకా వడ్డీ కడుతూనే ఉంటాడనీ స్థలపురాణం. పత్రాలు రాసి బతికినవాణ్ని కాబట్టి నాకు ఆ కథ చాలా ఇష్టం. వడ్డికాసులవాడని పిలుచుకునే ఆ దేవుడు కూడా కుబేరుడికి చేసిన అప్పు కుబేరుడికే కడుతున్నాడు. చెల్లెలి సొమ్ము హుండీలో వేస్తే చెల్లెలికి ముట్టినట్టవుతుందని ఏ పురాణంలోనూ లేదు.

సరే, పెద్దాయన వచ్చాడు. కాళ్లకు చెప్పులు విడిచి, లోపలికి రాకుండా వసారాలోనే కూర్చుని, "నిద్ర పట్టేది ల్యా అన్నా" అన్నాడు. అంతా చెప్పాడు. నేను అడగని సంగతులు కూడా చెప్పాడు. చివరికి, "చెల్లి వాటా ఎంతొస్తే అంత, దాన సెటిల్మెంటు కింద దాని పేర రాసేద్దాం. ఎవురికీ ఏమీ చెప్పే పని ల్యా. భూమి భూమికి పోతాది, నా మనసు కుదుటపడతాది" అన్నాడు.

సెటిల్మెంటంటే సొంతవాళ్లకు ఊరికే ఆస్తి రాసిచ్చే కాగితం, అందులో కారణం రాయాలి. అందరం రాసే వాక్యం ఒకటుంది: "నీవు నాకు స్వయాన చెల్లెలివైనందున, నీయందు నాకు గల ప్రేమాభిమానములచేత..." ఆ వాక్యం చదివి వినిపిస్తే పెద్దాయన ముఖం తేటపడింది. "అదే అన్నా, అట్లనే రాయి" అన్నాడు. నా చెయ్యి రాలేదు.

ఆ కాగితం రిజిస్టరైన రోజు ఊళ్లో ఏమనుకుంటారు? ఎప్పుడో వాటా పుచ్చుకుని, మళ్లీ పంచాయితీకి లాగి, తల్లి చావుకు కూడా గడప తొక్కని చెల్లెలికి, అవన్నీ మనసులో పెట్టుకోకుండా తోట రాసిచ్చిన అన్న. దేవుడు, నిజంగా దేవుడు అంటారు. ఆమె ఏమవుతుంది? రెండోసారి పుచ్చుకున్నదవుతుంది. ఆయన అప్పు తీరుస్తున్నానని అనుకుంటూ ఇంకో అప్పు చేయబోయాడు. ఆ సంగతి ఆయనకు తట్టలేదని నేను నమ్ముతున్నాను. మనస్సాక్షి కూడా తొందరలో ఉన్నప్పుడు చౌకగా దొరికే శాంతినే కొనుక్కుంటుంది. నిద్ర పట్టకపోవడం మంచితనానికి గుర్తు కావచ్చు, కానీ నిద్ర పట్టించుకోవడమే లక్ష్యమైతే అవతలి మనిషి మళ్లీ లెక్కలోంచి జారిపోతుంది.

నేను పరువును తక్కువచేసి మాట్లాడటం లేదు. పల్లెలో పరువే పెట్టుబడి. విత్తనాల కొట్టువాడు అప్పిచ్చేది దాన్ని చూసే, పిల్లకు సంబంధం కుదిరేది దాన్ని చూసే. నోటిమాట మీద కాయ తోలించుకునేది, గుజ్జు ఫ్యాక్టరీ నుంచి డబ్బు వచ్చేదాకా కూలీలు ఆగేది కూడా దానివల్లే. పరువు పోయినవాడి ఇల్లు ఎలా ఉంటుందో చూసినవాణ్ని. కాబట్టే అంటున్నాను: పంచాయితీలో ఆ రోజు గెలిచింది కాగితం ఒక్కటే కాదు, ఆయన పరువు. అదే మాట పరువు లేనివాడు చెప్పి ఉంటే, "రొక్కం ఇచ్చినప్పుడు పక్కన ఎవరున్నార్రా?" అని పెద్దమనుషులు తరచి అడిగేవాళ్లు. ఈయన్ని అడగలేదు. తన పేరును ఆమె మీదికి విసిరాడు, ఆమె పేరు విరిగింది. ఊళ్లో ఈరోజు ఆయనకున్న గౌరవంలో ఒక భాగం ఆమె దగ్గర లాక్కున్నదే. భూమి తిరిగిచ్చి ఆ భాగం మాత్రం తనే అట్టిపెట్టుకుంటానంటే, సగం సొత్తు తిరిగిచ్చిన దొంగతనమే అది.

కాణిపాకం పక్కన పారే బాహుదా నది కథ మా వైపు పిల్లలకు కూడా తెలుసు. శంఖుడు, లిఖితుడు అన్నదమ్ములు. మా ఊళ్లలో చెప్పేటప్పుడు లిఖితుడు రాజుగారి తోటలో మామిడిపండు కోశాడంటారు. భారతం శాంతిపర్వంలో ఉన్నది ఇంకా దగ్గరి సంగతి. పండ్లు అన్న ఆశ్రమంలోవే. అన్న ఇంట్లో లేని సమయంలో తమ్ముడు కోసుకుని తిన్నాడు. అన్న తిరిగొచ్చి చూసి, ఇది దొంగతనం, రాజు దగ్గరికి పోయి నువ్వే చెప్పుకో అన్నాడు. లిఖితుడు పోయాడు. సుద్యుమ్నుడనే ఆ రాజు ఆయన వచ్చాడని విని మంత్రులతో కాలినడకన ఎదురొచ్చాడు, సంగతి విని, శిక్షించే అధికారం ఉన్నట్టే క్షమించే అధికారమూ నాకుంది, ఇంకేదైనా కోరుకో అన్నాడు. లిఖితుడు శిక్ష తప్ప ఏమీ కోరలేదు. రెండు చేతులూ నరికారు. అన్న చెప్పినట్టు నదిలో దిగి తర్పణం వదలబోతే చేతులు మళ్లీ వచ్చాయి. బాహువులిచ్చింది కాబట్టి బాహుదా అయిందని చెప్పుకుంటాం.

అందరూ అక్కడితో కథ ఆపేస్తారు. నాకు ముఖ్యమైంది ఆ తర్వాతి మాట. చేతులు మొలిచాక తమ్ముడు వచ్చి అన్నను అడుగుతాడు: నీ తపస్సుకు ఇంత శక్తి ఉంటే మొదటే నన్ను పవిత్రుణ్ని చేయకపోయావా? శంఖుడి జవాబు: చేయగలను, కానీ నిన్ను దండించే అధికారం నాది కాదు. నన్నడిగితే ఆ నదీతీరంలో బోర్డు పెట్టి రాయాల్సిన మాట అది. ప్రేమించే అన్న పక్కనే ఉన్నాడు, కడిగేసే శక్తి ఉంది, ఎవరికీ తెలియకుండా ఇంట్లోనే అయిపోయేది. అయినా పంపించాడు. ఎవరి దగ్గర చెప్పుకోవాలో అక్కడ చెప్పుకున్నాకే నది పనిచేసింది.

పెద్దాయనకు ఈ కథ చెప్పాను. తల వంచుకుని విన్నాడు. "రాజులు యాడుండారన్నా ఇప్పుడు?" అన్నాడు. రాజు తిరుపతిలో అద్దె ఇంట్లో ఉంది, బడిపిల్లలకు అన్నం వండిపెడుతోంది అన్నాను.

ఆయన భయాలు ఉత్తవి కావు, వాటిని తోసెయ్యను. మొదటిది జైలు. అబద్ధం చెప్పి సంతకం తీసుకుని ఆస్తి రాయించుకోవడం పాత శిక్షాస్మృతిలో 420వ సెక్షను కిందికి వస్తుంది, 7 సంవత్సరాల దాకా శిక్ష. 2024 జూలై 1న కొత్త న్యాయసంహిత వచ్చినా, అంతకుముందు చేసిన నేరానికి పాత చట్టమే. 3 సంవత్సరాలకు మించి శిక్షపడే నేరానికి కాలదోషం పట్టదు. ఆస్తి కోసం ఆమె వేసుకోవాల్సిన దావాకు మాత్రం పడుతుంది: మోసం తెలిసిన నాటి నుంచి 3 సంవత్సరాల్లోపు కాగితం రద్దుకు పోవాలి, ఆ గడువు పంచాయితీ తర్వాత ఎప్పుడో దాటింది. ఆయన్ని జైలుకు పంపే దారి ఇంకా తెరిచి ఉంది, ఆమెకు తోట ఇప్పించే దారి దాదాపు మూసుకుంది. అదే చట్టం ఇంకోటి కూడా చెబుతుంది. ఈ నేరంలో మోసపోయిన మనిషి ఒప్పుకుంటే కోర్టు అనుమతితో రాజీ కుదురుతుంది. అంటే ఆయన భవిష్యత్తు చాలావరకు ఆమె చేతిలో ఉంటుంది. ఇన్నేళ్లు ఆమె బతుకు ఆయన చేతిలో ఉంది కదా. దీన్ని అన్యాయం అనడానికి నాకు నోరు రాదు.

రెండోది పిల్లలు. "నా మనవరాలికి సంబంధాలు చూస్తా ఉండామన్నా, ఇప్పుడు ఈ మాట బయటపడితే?" అన్నాడు. నిజమే, ఆ పిల్ల ఏ పాపమూ ఎరగదు. ఈయన చెల్లెలి పిల్లలూ ఎరగరు. వాళ్ల పెళ్లిళ్లు తల్లికి పడ్డ చెడ్డపేరుతోనే జరిగాయి. ఈ ఇంటి పిల్లల పరువును త్రాసులో వేసేటప్పుడు ఆ ఇంటి పిల్లల్ని అసలు త్రాసులోకే ఎక్కించకపోవడం నాకు మింగుడుపడదు. కొడుకు సంగతి కూడా ఉంది. రేపు తోట అతని పేరుకు మారితే లింకు డాక్యుమెంటుగా ఆ విడుదల దస్తావేజూ అతనికే వస్తుంది. అందులోని అబద్ధం అతని పత్రాల్లో శాశ్వతంగా ఉండిపోతుంది. తండ్రి బతికుండగా సరిచేయగలిగింది కొడుకు ఎన్నటికీ సరిచేయలేడు, ఎందుకంటే రొక్కం ఇవ్వలేదని తెలిసింది తండ్రికే.

మూడోది నేనే వేసుకున్న ప్రశ్న. ఒకవేళ ఆమే వద్దంటే? ఇన్నేళ్లకు ఊరి మధ్యకు వచ్చి నిలబడటం, మళ్లీ ఆ ముఖాలు చూడటం ఆమెకు ఇష్టం లేకపోతే? అప్పుడు ఊరుకోవాల్సిందే, నా వాదనకు అక్కడ గట్టు ఉంది. కానీ ఆ నిర్ణయం ఆమెది. ఆమె తరఫున ఈయనే తేల్చేసి "దానికి గొడవలు ఇష్టం ఉండవులే" అనడం కుదరదు. అసలు దానం అన్నది పుచ్చుకునేవాళ్లు ఒప్పుకుంటేనే చెల్లుతుంది, అది చట్టం. ప్రేమాభిమానాల కాగితం తీసుకుని ఈయన పోతే, "నాది నాకు దానమిచ్చేదానికి నువ్వెవరన్నా?" అని ఆమె వెనక్కి తోసిందనుకోండి, ఏం చేస్తాడు? నేనామె స్థానంలో ఉంటే తోసేవాణ్ని.

కాబట్టి నేను ఇంకో చిత్తు రాసిచ్చాను. కాగితం పేరు సెటిల్మెంటే, స్టాంపు డ్యూటీ లెక్కకు అదే సరిపోతుంది. కారణం చెప్పే చోట మాత్రం ఇలా రాశాను: "ఫలాని దస్తావేజులో నీ వాటాకు రొక్కం ముట్టినట్లు రాయించినది నిజము కాదు. నీకు నేను రొక్కమేమియు ఇచ్చియుండలేదు. బ్యాంకు అప్పు కాగితములని చెప్పి నీచేత సంతకము చేయించితిని. నీ ఆస్తిని నీకు తిరిగి స్వాధీనము చేయుచున్నాను." ఇన్నేళ్ల కాయ డబ్బులో ఆమె వాటా లెక్క కోసం కింద ఖాళీ వదిలాను. ఆ అంకె వాళ్లిద్దరూ కూర్చుని వేసుకోవాలి. రిజిస్ట్రేషనుకు ముందు తిరుపతి పోయి ఆమెను అడగాలి, ఆమె సరేనంటే అదే పంచాయితీ రచ్చబండ దగ్గర ఇదంతా నోటితో చెప్పాలి. కాగితంలో ఉంటే చాలదా అన్నాడు. ఈ కాగితం ఊళ్లో ఎవరు చదువుతారు? మీ చెల్లెలు దొంగ అన్నది నువ్వు నోటితోనే కదా అన్నాను.

చిత్తు మడిచి జేబులో పెట్టుకుని పోయాడు. ఇది రాసేనాటికి మళ్లీ రాలేదు. వస్తాడనే నమ్ముతున్నాను. నిద్ర పట్టని మనిషి ఆయన, అదే నా ఆశ.

వస్తే ఇంకో పని ఉంది. సెటిల్మెంటుకు ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలి. సాధారణంగా ఆఫీసు దగ్గర దొరికే ఎవరితోనైనా పెట్టిస్తాం. ఈ కాగితానికి అలా కుదరదు. ఆ రోజు పంచాయితీలో కూర్చుని "కాగితం ఉంది కదమ్మా" అన్న పెద్దమనుషుల్లో ఇద్దరు ఇంకా ఉన్నారు, ఒకాయనకు చూపు సరిగా ఆనదు, ఇంకొకాయన కర్ర పట్టుకుని నడుస్తాడు. వాళ్లనే తీసుకురమ్మన్నాను. చూపు ఆననాయనకు నేనే చదివి వినిపిస్తాను.